8 ట్రాకుల టేపు యంత్రాన్ని కంప్యూటర్‌తో కలిపి నడపడం: చోటు వేరు, వేగం వేరు

కరీంనగర్ నుండి అడిగిన మిత్రుని ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. అర అంగుళం టేపు మీద నడిచే 8 ట్రాకుల పాత యంత్రం ఒకటి కొన్నారు. డప్పు, డోలు, కోరస్ దాని మీద రికార్డు చేసి, కీబోర్డును, ప్రధాన గాత్రాన్ని కంప్యూటర్‌లో రికార్డు చేశారు. రెండింటికీ ఒకేసారి ప్లే నొక్కి వింటే పల్లవి వరకు బాగానే ఉండి, ఒకటిన్నర నిమిషం దాటేసరికి డప్పు తాళం తప్పుతోంది. టైమ్‌కోడ్ (పాటలో ఏ క్షణంలో ఉన్నామో చెప్పే గుర్తు శబ్దం) చదివే పెట్టె కొంటే సరిపోతుందా, లేక యంత్రంలోనే దోషం ఉందా అన్నది మొదటి ప్రశ్న. తండ్రిగారు 1990ల మొదట్లో స్పూలు యంత్రం మీద రికార్డు చేసిన చిందు యక్షగానం రీళ్ళకు కూడా ఇదే పద్ధతి పనికి వస్తుందా అన్నది రెండవ ప్రశ్న. ఆయన దగ్గర ఉన్న సౌండ్ కార్డుకు 2 ఇన్‌పుట్లే ఉన్నాయని కూడా రాశారు.

సూటిగా చెప్పాలంటే, యంత్రంలో ఏ దోషమూ లేకపోయినా ఇలాగే జరుగుతుంది, టైమ్‌కోడ్ చదివే పెట్టె ఒక్కటే కొంటే అది పూర్తిగా తీరదు. మీరు చెప్పిన పనికి అసలు ఆ పెట్టె అవసరమే లేదు. 8 ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, అంటే పెద్ద సౌండ్ కార్డు, ఒకటి రెండు రోజులకు అద్దెకో చేబదులుకో తెచ్చుకొని, టేపు మీద ఉన్న ట్రాకులన్నింటినీ ఒకే దఫాలో కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఆ తరువాత యంత్రాన్ని ఆపి, మిగిలిన పనంతా కంప్యూటర్‌లోనే చేయండి. కంప్యూటర్‌లో పాట వింటూ మళ్ళీ మళ్ళీ టేపు మీద కొత్త వాద్యాలు రికార్డు చేయాలన్నా, లేదా టేపు ట్రాకులనూ కంప్యూటర్ ట్రాకులనూ పక్కపక్కనే మిక్సర్ మీదికి తెచ్చుకొని మిక్స్ చేయాలన్నా మాత్రమే నిజమైన సింక్, అంటే రెండూ ఒకే నడకతో కలిసి నడవడం, కావలసి వస్తుంది.

ఒకటిన్నర నిమిషానికే తాళం ఎందుకు తప్పింది అన్న సంగతి ముందు చూద్దాం. కంప్యూటర్ వేగం క్వార్ట్జ్ స్ఫటికం చేతిలో ఉంటుంది. టేపు వేగం క్యాప్‌స్టన్ అనే సన్నని ఇనుప కడ్డీ, దానికి టేపును అదిమి పట్టే రబ్బరు రోలరు, రెండు వైపులా రీళ్ళు లాగే బిగువు, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. రీలు నిండుగా ఉన్నప్పుడు ఉండే బిగువు, అడుగంటినప్పుడు ఉండే బిగువు ఒకటి కావు. యంత్రం చల్లగా ఉన్నప్పటి వేగం, అరగంట తిరిగిన తరువాతి వేగం కూడా సరిగ్గా ఒకటిగా ఉండవు. 90 సెకన్లలో 0.06 శాతం తేడా వచ్చిందనుకుంటే 54 మిల్లీసెకన్లు అవుతుంది. తీగ వాద్యాల తెరలో అంత తేడా దాగిపోవచ్చును గాని, డప్పు మీద సిర్రా (వాయించే పుల్ల) దెబ్బ దానిని దాచలేదు. 4 నిమిషాల పాటలో 0.1 శాతం అంటే 240 మిల్లీసెకన్లు, అనగా దాదాపు పావు సెకను. మంచి యంత్రాలకు కూడా ఈ పాటి తేడా వింత కాదు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, దానిని చాలామంది గమనించరు. యంత్రం ఎప్పుడూ ఒకే మోతాదులో, ఉదాహరణకు 0.3 శాతం ఎక్కువ వేగంతో నడుస్తుందనుకోండి. కంప్యూటర్ పాట వింటూ దాని మీద రికార్డు చేసి, మళ్ళీ దాని మీదే వినిపిస్తే ఆ తప్పు రెండు వైపులా ఉండి కొట్టుకుపోతుంది. మిగిలేది రికార్డు చేసినప్పటికీ వినిపించినప్పటికీ మధ్య మారిన వేగం మాత్రమే. కాబట్టి మీ తేడా సెకన్ల లెక్కలో ఉంటే ముందుగా టేపు వేగాన్ని కొద్దిగా మార్చే పిచ్ కంట్రోల్ బిరడా చూడండి. అది రికార్డింగ్ నాడు ఒక చోట, ఈనాడు మరొక చోట ఉండే అవకాశమే ఎక్కువ. తేడా కొన్ని పదుల మిల్లీసెకన్లే అయితే అది యంత్రం స్వభావం. పించ్ రోలర్ రబ్బరును కూడా ఒకసారి వేలితో తాకి చూడండి. మా హనుమకొండ ఎండల్లో పదేళ్ళు గదిలో పడి ఉన్న యంత్రం రోలరు గాజులా నున్నగా మెరుస్తుంది, గోరుతో నొక్కితే దిగదు. అటువంటి రోలరు కింద టేపు జారుతూ ఉంటుంది, ఏ టైమ్‌కోడూ ఆ జారుడును బాగు చేయదు.

ఇప్పుడు అసలు సంగతి. సింక్ అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. ఒకటి చోటు, రెండవది వేగం. పాటలో ఇప్పుడు ఎక్కడ ఉన్నాము అని చెప్పేది చోటు. అక్కడి నుండి ఏ నడకతో ముందుకు పోవాలి అని చెప్పేది వేగం. బతుకమ్మ చుట్టూ ఆడే వారు మొదటి చప్పట్టు కలిపి కొట్టి ఆ తరువాత ఎవరి దారిన వారు కొడితే నాలుగు చుట్లకే చెల్లాచెదురవుతారు; ప్రతి చప్పట్టుకూ పక్కవారిని వింటూ ఉంటేనే ఆట నిలుస్తుంది. టైమ్‌కోడ్ పెట్టె కొన్న వారిలో నూటికి తొంభై మంది మొదటి చప్పట్టును కలిపి, మిగిలినది దానంతట అదే కలుస్తుందని అనుకుంటారు.

చోటు చెప్పే పనికి వాడేది సింప్టీ టైమ్‌కోడ్. టేపు మీద ఒక ట్రాకులో దీనిని శబ్దంగానే రికార్డు చేస్తాము. వింటే కీచుమని గరగరలాడే మోత. ఈ రూపానికి ఎల్‌టీసీ అని పేరు. ఒక్కొక్క ఫ్రేముకు 80 బిట్లు ఉంటాయి. మన దేశపు టీవీ లెక్క ప్రకారం సెకనుకు 25 ఫ్రేములు తీసుకుంటే సెకనుకు 2000 బిట్లు, అంటే ఒక్కొక్క బిట్టు అర మిల్లీసెకను. గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు అన్న నాలుగు అంకెలూ ప్రతి ఫ్రేములోనూ రాసి ఉంటాయి కనుక రీలును ఎక్కడ ఆపి ఎక్కడ మొదలుపెట్టినా అది ఏ చోటో తెలిసిపోతుంది.

పాత పద్ధతిలో ఒక పెట్టె ఈ ఎల్‌టీసీని చదివి, మిడి (సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) తీగ మీద పోయే ఎమ్‌టీసీగా మార్చి కంప్యూటర్‌కు ఇస్తుంది. ఎమ్‌టీసీ ఒక్కొక్క ఫ్రేమును నాలుగు ముక్కలు చేసి పంపుతుంది, పూర్తి చిరునామా చేరడానికి ఎనిమిది ముక్కలు కావాలి. 25 ఫ్రేముల లెక్కలో ముక్క ముక్కకూ 10 మిల్లీసెకన్లు, పూర్తి చిరునామాకు 80 మిల్లీసెకన్లు. కంప్యూటర్ దీనిని విని పాటలో సరైన చోటికి దూకి ప్లే మొదలుపెడుతుంది. మొదలుపెట్టిన తరువాత దాని ఆడియో ఎవరి వేగంతో నడుస్తుంది? ఇంటర్‌ఫేస్‌లోని సొంత స్ఫటికం వేగంతో. టేపు తన నడక తాను నడుస్తూనే ఉంటుంది. పెట్టె కొన్నా పాట చివరికి తాళం తప్పిందని మొత్తుకునే వారి కష్టం ఇదే.

వేగం కూడా కలవాలంటే టైమ్‌కోడ్ వేగాన్ని బట్టి వర్డ్ క్లాక్ (డిజిటల్ ఆడియో నడకను నిర్ణయించే గడియారపు సంకేతం) తయారు చేసి ఇచ్చే సింక్రనైజరు ఒకటి, దానిని బయటి నుండి తీసుకోగల ఇంటర్‌ఫేస్ ఒకటి, రెండూ ఉండాలి. అప్పుడు టేపు 0.1 శాతం వేగంగా పోతే ఇంటర్‌ఫేస్ సెకనుకు 48,000 శాంపిళ్ళకు (శబ్దాన్ని కొలిచిన అంకెలకు) బదులు 48,048 శాంపిళ్ళతో నడుస్తుంది. టేపు వెనుకబడితే అదీ వెనుకబడుతుంది. సంగీతం శ్రుతి కూడా ఆ మేరకు మారుతుంది గాని, టేపులోని శ్రుతీ అంతే మారుతున్నది కనుక రెండూ కలిసే ఉంటాయి. అవిడ్ వారి సింక్ హెచ్‌డీ, అంతకు ముందు డిజిడిజైన్ వారి సింక్ ఐ/ఓ, మోటు వారి మిడి టైమ్‌పీస్ ఏవీ ఈ తరహా పెట్టెలు. పాతవి చేతులు మారుతూ దొరుకుతాయి. కొనే ముందు దానిలో వర్డ్ క్లాక్ అవుట్ అనే గుండ్రని బీఎన్‌సీ సాకెట్టు ఉందో లేదో, మీ ఇంటర్‌ఫేస్ వెనుక వర్డ్ క్లాక్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. మీరు రాసిన 2 ఇన్‌పుట్ల యూఎస్‌బీ కార్డు తరహాలో అది సాధారణంగా ఉండదు. లేకపోతే ఎంత ఖరీదైన పెట్టె తెచ్చినా చోటు మాత్రమే కలుస్తుంది.

ఇంత ఖర్చు పెట్టలేని వారికి మధ్యే మార్గం ఒకటి ఉంది. రీపర్ సాఫ్ట్‌వేర్ ఏ పెట్టె లేకుండానే ఆడియో ఇన్‌పుట్‌కు వచ్చిన ఎల్‌టీసీని నేరుగా చదవగలదు. తేడా ఇన్ని మిల్లీసెకన్లు దాటితే మళ్ళీ సరైన చోటికి దూకు అన్న సెట్టింగు కూడా దానిలో ఉంది. వినడానికీ, అంచనాకూ ఇది చాలు. కాని ఆ దూకుడు జరిగిన ప్రతిసారీ శబ్దంలో చిన్న తెగుడు పడుతుంది కనుక చివరి మిక్సింగుకు నేను దీనిని నమ్మను.

ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెప్పాలి. టేపు ముందు నడవాలి, కంప్యూటర్ వెంట రావాలి. ఇనుప చక్రాలను, రీళ్ళను లాగి సరిచేయడం కన్నా అంకెలను సరిచేయడం తేలిక. దీనికి తలకిందులుగా, కంప్యూటర్‌ను ముందు పెట్టి టేపును వెంట నడిపించడం కూడా ఉంది. పెద్ద రికార్డింగ్ థియేటర్లలో రెండు 24 ట్రాకుల యంత్రాలను జత చేసి, ఒక్కొక్క ట్రాకు కోడుకు పోగా 46 ట్రాకులు వాడుకున్న రోజుల్లో రెండవ యంత్రం అలాగే నడిచేది. అందుకు క్యాప్‌స్టన్ మోటారు వేగాన్ని బయటి నుండి దిద్దే సాకెట్టు యంత్రంలో ఉండాలి, ఆ యంత్రానికే ప్రత్యేకంగా తయారైన కేబులు, దానికి తగిన సింక్రనైజరు ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఆలోచన మానుకోండి. కేబులు కోసమే నేను ఒకసారి ఏడాది తిరిగాను, చివరికి ఆ సాకెట్టుకు నప్పే ప్లగ్గే దొరకలేదు.

కోడును టేపు మీద రాసే పద్ధతి. దీనిలో చేసిన తప్పులు తరువాత దిద్దుకోలేము కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. కోడు ఎప్పుడూ అంచు ట్రాకులో, అంటే మీ యంత్రంలో 8వ ట్రాకులో ఉండాలి. 7వ ట్రాకును ఖాళీగా వదలండి. ఖాళీగా వదలడానికి ప్రాణం ఒప్పకపోతే బేస్ వంటి మందమైన స్వరం పెట్టండి గాని దెబ్బ వాద్యం మాత్రం పెట్టకండి. నా మొదటి జానపద గీతాల పనిలో ట్రాకు వృథా అవుతుందని 7వ దానిలో డప్పు పెట్టాను. గట్టి దెబ్బ పడిన చోటల్లా కోడులోకి డప్పు చొరబడి, పెట్టె మీది పచ్చ దీపం ఆరిపోయి వెలిగేది. కంప్యూటర్ అక్కడ క్షణం పాటు తడబడేది. అంతకన్నా సిగ్గు కలిగించినది మరొకటి: చరణానికి ముందు డప్పు ఆగి, ఒంటి గొంతు మాత్రమే రాగం తీసే చోట 7వ ట్రాకు ఫేడరు (శబ్దం తగ్గించే మీట) దించడం మరిచిపోయాను, ఆ గొంతు వెనుక కీచురాయి అరుస్తున్నట్టు కోడు వినిపించింది. పాడిన ఆమె అది బయటి పురుగు అనుకొని కిటికీ మూయమన్నది.

కోడు మట్టం ఎక్కువైతే పక్క ట్రాకులోకి కారుతుంది, తక్కువైతే చదవడానికి అందదు. పెద్ద యంత్రాలలో మీటరు మీద మైనస్ 10, చిన్న యంత్రాలలో మైనస్ 3 ప్రాంతంలో మొదలుపెట్టి, రీలు మొదట్లోనూ చివరలోనూ చదివించి చూసుకోండి. డీబీఎక్స్, డాల్బీ వంటి నాయిస్ రిడక్షన్ (టేపు బుసను తగ్గించే పద్ధతి) కోడు ట్రాకు మీద తప్పకుండా ఆపి ఉండాలి, ఎందుకంటే అవి తరంగం ఆకారాన్నే మార్చేస్తాయి. ఈక్వలైజరు, కంప్రెసరు కూడా దాని దారిలో ఉండకూడదు. కోడును తయారు చేయడానికి వేరే పెట్టె అవసరం లేదు. రీపర్‌లోనే టైమ్‌కోడ్ జనరేటరును ట్రాకు మీద పెట్టి లైన్ అవుట్ నుండి టేపుకు పంపవచ్చును. ఒక టేపు నుండి మరొక టేపుకు కోడును ఉన్నదున్నట్టుగా కాపీ చేయకండి. కాపీలో చదరపు తరంగం అంచులు అరిగి గుండ్రబడతాయి. సింక్రనైజరు గుండా తిరిగి కొత్తగా పుట్టించి రాయాలి.

ముందు రీలంతా ఒకే దఫాలో కోడు రాసిన తరువాతనే సంగీతం మొదలుపెట్టండి. 2500 అడుగుల రీలు సెకనుకు 15 అంగుళాల వేగంతో 33 నిమిషాలు వస్తుంది, ఆ 33 నిమిషాలు కూర్చొని టీ తాగవలసిందే. కోడు సున్నా గంటల దగ్గర మొదలుకాకూడదు. రీలు కాస్త వెనక్కి పోతే అది 23 గంటల 59 నిమిషాలకు జారి, సింక్రనైజరు తాను దాదాపు 24 గంటల దూరంలో ఉన్నానని భ్రమపడి రీలును ఎడాపెడా తిప్పుతుంది. 00:59:00:00 దగ్గర మొదలుపెట్టి, పాటను 1 గంట దగ్గర ఉంచడం నా అలవాటు. పాటకు ముందు కనీసం 15 సెకన్ల కోడు ఉంటే యంత్రం నిలదొక్కుకోవడానికీ, కంప్యూటర్ పట్టుకోవడానికీ వీలవుతుంది. ఫ్రేముల లెక్క మన దగ్గర 25 గానే ఉంచండి, కంప్యూటర్‌లో కూడా అదే ఉందో లేదో చూడండి. 30కీ 29.97కీ మధ్య తికమక పడిన పని ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఆ రెండింటికీ గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. డబ్బా మీద ఏమీ రాసి లేదు కనుక ఏది నిజమో తేల్చడానికే ఒక పూట పట్టింది.

మూడు హెడ్డుల (టేపును చెరిపే, దాని మీద రాసే, దానిని చదివే భాగాల) యంత్రమైతే మరొక చిక్కు ఉంది. రికార్డు హెడ్డుకూ ప్లేబ్యాక్ హెడ్డుకూ మధ్య 4 సెంటీమీటర్ల దూరం ఉందనుకుంటే, సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంలో టేపు ఆ దూరం పోవడానికి సుమారు 105 మిల్లీసెకన్లు పడుతుంది. టేపు మీద కొత్త ట్రాకు కలిపేటప్పుడు పాత ట్రాకులను రికార్డు హెడ్డు నుండే వింటాము. యంత్రం మీద సింక్ అని రాసి ఉండే మీట అందుకోసమే. కోడును కూడా అప్పుడు అదే హెడ్డు నుండి తీసుకోవాలి. మిక్సింగుకు ప్లేబ్యాక్ హెడ్డుకు మారితే కోడూ దానితో పాటే మారాలి. కోడు ఒక హెడ్డు నుండి, సంగీతం మరొక హెడ్డు నుండి తీస్తే పాట పొడుగునా ఒకే తేడా కనిపిస్తుంది. రెండు పనులకూ ఒకే హెడ్డు ఉన్న యంత్రమైతే ఈ బాధ లేదు.

అన్నీ కలిపిన తరువాత కళాకారులను పిలవకముందే ఒక పరీక్ష చేయండి. నేను ఏ కొత్త యంత్రం వచ్చినా ఇది చేయకుండా పని మొదలుపెట్టను. కంప్యూటర్ టేపు వెంట నడుస్తూ ఉండగా కంప్యూటర్ వినిపించే టిక్కును సెకనుకు ఒకటి చొప్పున 5 నిమిషాల పాటు టేపు 1వ ట్రాకు మీద రికార్డు చేయండి. రీలు వెనక్కి తిప్పి, మళ్ళీ రెండింటినీ కలిపి నడిపి, టేపు నుండి వచ్చే టిక్కును కంప్యూటర్‌లో కొత్త ట్రాకు మీదికి ఎక్కించండి. ఇప్పుడు తెర మీద పెద్దది చేసి పాత టిక్కు, కొత్త టిక్కు మధ్య ఎడం మొదట్లో, నడుమ, చివర కొలవండి. ఎడం మూడు చోట్లా ఒకటే అయితే అది సౌండ్ కార్డు ఆలస్యమో, హెడ్డు దూరమో. ఆ అంకెను ఆఫ్‌సెట్‌గా (స్థిరమైన సవరణగా) పెడితే పని అయిపోయింది. ఎడం మెల్లగా పెరుగుతూ పోతే వర్డ్ క్లాక్ కలవలేదు, ఇంటర్‌ఫేస్ ఇంకా సొంత గడియారం మీదే ఉంది. ఎడం ఒక చోట హఠాత్తుగా దూకితే అక్కడ కోడు చదవడంలో తప్పు పడింది, టేపు మీద దుమ్మో మడతో ఉంటుంది. ఎడం అటూ ఇటూ ఒకటి రెండు మిల్లీసెకన్లు ఊగుతూ ఉంటే దానిని వదిలేయండి. అది టేపు ఊపిరి.

ఇంతా చదివిన తరువాత మీకు, ఒకే దఫాలో ఎక్కించుకోవడమే నయం కదా అనిపిస్తే అది సరైన ఆలోచనే. 8 ఇన్‌పుట్ల కార్డు తెచ్చుకుంటే ట్రాకుల మధ్య తేడా వచ్చే ప్రశ్నే లేదు, ఎందుకంటే అవన్నీ ఒకే టేపు మీద ఒకేసారి కదులుతున్నాయి. ఉన్న 2 ఇన్‌పుట్ల కార్డుతో జంటలు జంటలుగా నాలుగు దఫాలు ఎక్కిస్తే ప్రతి దఫాకూ వేగం కొంచెం వేరుగా ఉండి, డప్పుకూ డోలుకూ మధ్యనే ఎడం పడుతుంది. మీ పాట డప్పు ఎక్కడ తప్పుతోందో మీరే విన్నారు కనుక, ఎక్కించిన తరువాత ఆ ట్రాకులన్నింటినీ ఒక గుంపుగా కట్టి, నాలుగేసి తాళాలకు ఒక చోట దెబ్బలు లేని సందులో కోసి, కీబోర్డు తాళానికి సరిపడేలా జరపండి. మొత్తం పాటకు ఇరవై కోతలు పడవచ్చును, ఒక సాయంత్రం పని.

తరువాత మళ్ళీ టేపు మీద కోరస్ కలపాలనిపిస్తే సింక్ లేకుండానే ఒక దారి ఉంది. కంప్యూటర్ పాటను రెండు ట్రాకుల గైడుగా, మూడవ దానిలో తాళం టిక్కుతో టేపు మీదికి దింపి, మిగిలిన ఐదింటిలో కొత్తవి రికార్డు చేసి, ఎనిమిదింటినీ కలిపి వెనక్కి ఎక్కించి, టిక్కుకు టిక్కు పెట్టి సరిచూసుకోండి. ఒకే యంత్రం, ఒకే రోజు, ఒకే రీలు చోటు అయితే నేను చూసినంతలో తేడా చాలా స్వల్పంగా ఉంటుంది. టేపు గుణం మాత్రమే కావాలి, పనంతా కంప్యూటర్‌లోనే జరగాలి అనుకునే వారు మూడు హెడ్డుల యంత్రంలో రికార్డు హెడ్డుకు పంపి, వెంటనే ప్లేబ్యాక్ హెడ్డు నుండి తీసుకొని, ఆ 105 మిల్లీసెకన్ల వంటి ఆలస్యాన్ని వెనక్కి జరుపుకుంటారు. ఎండ్‌లెస్ అనలాగ్ సంస్థ తెచ్చిన క్లాస్ప్ అనే పరికరం దీనినే తనంతట తానుగా చేసేది.

ఇక మీ తండ్రిగారి రీళ్ళ సంగతి. వాటి మీద టైమ్‌కోడ్ లేదు కనుక పై పద్ధతులేవీ నేరుగా పనికిరావు. అక్కడి సమస్య చోటు కాదు, వేగం. పాత స్పూలు యంత్రాలలో చాలా వాటికి కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే సింక్రనస్ మోటార్లు ఉండేవి. కరెంటు 50 హెర్ట్జ్ ఉంటే సరైన వేగం. కాని 1990లలో దక్షిణాది గ్రిడ్డులో ఫ్రీక్వెన్సీ 49 కిందికి, ఒక్కొక్కప్పుడు 48 దాకా పడిపోవడం మామూలు. 2003 జనవరిలో కొత్త టారిఫ్ విధానం దక్షిణాదిలో అమలుకు వచ్చిన తరువాత అది చక్కబడింది, 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. 48.5 హెర్ట్జ్ ఉన్న రాత్రి రికార్డు చేసిన రీలు ఈనాడు సరైన వేగంతో తిప్పితే 3 శాతం వేగంగా, సుమారు అర స్వరస్థానం హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. అటువంటి రీలు ఒకటి కంప్యూటర్‌లోకి ఎక్కించి, దానిలో పాడిన చిందు కళాకారునికే వినిపించాను. రెండు దరువులు విని ఆయన, "గీ గొంతు నాది కాదు సారూ, పోరగాని గొంతు లెక్కున్నది" అన్నాడు. వయసు మీద పడింది కదా, అందుకే అలా అనిపిస్తున్నదని నేను సర్దిచెప్పబోయాను. తప్పు నాదే.

దానిని సరిచేయడానికి రీలులో వినిపించే కరెంటు హమ్మును (సన్నగా గుయ్‌మనే మోతను) కొలిచి 50కి తెస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. సింక్రనస్ మోటారు యంత్రం మీద రికార్డయిన రీలుకు ఆ సలహా పనిచేయదు. కరెంటు 48.5 ఉన్నప్పుడు హమ్మూ 48.5 గానే రికార్డయింది, టేపూ అంతే నెమ్మదిగా నడిచింది. ఈనాడు సరైన వేగంతో తిప్పితే హమ్ము చక్కగా 50 దగ్గర కూర్చొని, అంతా బాగానే ఉందని చెబుతుంది, గొంతు మాత్రం పోరగానిదిగానే ఉంటుంది. వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్వోతో పట్టి ఉంచే యంత్రం మీద రికార్డయిన రీలు అయితే హమ్ము ఆ రాత్రి కరెంటు ఎంత ఉన్నదో అంతే చూపిస్తుంది, అక్కడ 50కి తెస్తే ఉన్న శ్రుతిని పాడుచేసిన వారమవుతాము. జాతర పందిట్లో జనరేటరు మీద రికార్డు చేసినవైతే లోడును బట్టి ఫ్రీక్వెన్సీ ఊగుతుంది, దానికి ఒకే అంకెతో సవరణ కుదరదు.

నేను చివరికి హార్మోనియం పట్టుకున్నాను. ఆ మేళం వారి ఇంట్లో అటక మీద ఉన్న పెట్టెను దింపించి, దుమ్ము దులిపి, తిత్తి చిరుగుకు గుడ్డ అడ్డుపెట్టి, వారు ఆధార శ్రుతిగా పట్టే మెట్టును కొంతసేపు మోగించి రికార్డు చేశాము. రీలులో అదే మెట్టు దాని కన్నా సరిగ్గా అర స్వరస్థానం పైన ఉంది. ఆ నిష్పత్తితో వేగం తగ్గించి వినిపిస్తే ఆ పెద్దాయన ఏమీ అనలేదు, పక్కన కూర్చొని తాళం వేయడం మొదలుపెట్టాడు. హార్మోనియం రీడ్లు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ కొంత మారుతాయి కనుక దీనిని కూడా మిల్లీమీటరు లెక్కకు నమ్మకూడదు గాని, హమ్ము కన్నా ఎంతో మేలు.

సవరణ ఎప్పుడూ కాపీ మీదే చేయండి, ఎక్కించిన మొదటి ఫైలును 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ముట్టుకోకుండా ఉంచండి. ఎక్కించేటప్పుడు యంత్రాన్ని ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటును ఎప్పుడూ తానే స్థిరంగా తయారు చేసి ఇచ్చే రకం) మీద నడపండి. చవక రకం ఇన్వర్టరు మీద పెడితే సింక్రనస్ మోటారు వేడెక్కి మూలుగుతుంది. మీ తండ్రిగారి మేళంలో వాడిన హార్మోనియం ఎవరి ఇంట్లోనైనా ఇంకా ఉందేమో ముందు కనుక్కొని, ఉంటే దాని ఆధార శ్రుతిని ఒక నిమిషం రికార్డు చేసి పెట్టుకోండి. రీళ్ళను తీరికగా తరువాత ఎక్కించవచ్చును.